రోగం చెలక

మొన్న మా మిద్దె మీద బకెట్లో పెంచుకుంటున్న టమాట చెట్టు వాడిపోయింది. ఎండకు వాడిన తీరు కాదది. ఆకు పచ్చగానే ఉంది, ఎక్కడా పసుపు మచ్చ లేదు, కానీ కొమ్మలన్నీ వేడినీళ్ళు పోసినట్టు కిందికి వేలాడుతున్నాయి. షాద్‌నగర్‌లో మా వీధికి నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. నీళ్ళు చాలలేదేమోనని కోడలు అప్పటికే ఒకటికి రెండు చెంబులు పోసింది. నాకెందుకో చెయ్యి ఊరుకోలేదు. చాకు తెచ్చి కాండాన్ని అడుగున కోసి, వంటింట్లోంచి గాజు గ్లాసు తెచ్చి నిండా నీళ్ళు పోసి, కోసిన కొన నీళ్ళలో మునిగేట్టు పట్టుకొని కూర్చున్నాను. కాసేపటికి కోసిన చోటు నుంచి తెల్లటి దారం లాంటిది ఒకటి, అగరుబత్తి పొగ తలకిందులైనట్టు, మెల్లగా నీళ్ళలోకి జారింది. కోడలు వచ్చి చూసి, అది మనుషులు నీళ్ళు తాగే గ్లాసని గుర్తుచేసింది. సగం జీవితం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సుగా చేసి రిటైరైనదాన్ని, గ్లాసు ఎట్లా కడగాలో నాకు తెలుసునన్నాను. అన్నానే గానీ ఆ దారం చూసినాక ఆ పూట ఏ పని మీదా మనసు నిలవలేదు. మా వదినే కళ్ళ ముందు మెదులుతూ ఉంది.

వదిన అంటే మా అన్న భార్య. పాలమూరు దిక్కున ఎర్రనేలల ఊరు మాది. వాళ్ళది ఒకే ఊరి సంబంధం. పుట్టిల్లూ అత్తిల్లూ రెండు గల్లీల తేడాలో ఉండేవి. అందరు ఆడవాళ్ళలా అలిగి పుట్టింటికి పోయే సుఖం కూడా తనకు దక్కలేదనీ, అలక సగం కాకముందే పుట్టింటి గడప వచ్చేస్తుందనీ చెప్పి నవ్వేది. మనిషి పొడుగు. నడిస్తే పక్కవాళ్ళు పరుగెత్తాలి. అయినా ఏనాడూ బస్సు వేళకు రోడ్డు మీదికి రాలేదు. డ్రైవరే మా ఇంటి మూల మలుపులో ఆపుకొని, కొంగులో ఏదో మూటగట్టుకుంటూ వచ్చే ఆమె కోసం చూసేవాడు. ఆడబిడ్డనని నాకు ఆమె మర్యాదలేమీ చేయలేదు. నర్సు ఉద్యోగం వచ్చిన నాటి నుంచి నన్ను పేరుతో పిలవడం మానేసి 'నర్సమ్మా' అనేది. అందులో గౌరవమెంతో వెక్కిరింపెంతో నాకు ఇప్పటికీ తెలియదు.

వాళ్ళ నాయిన పోయేముందు ఉన్న ఒక్క చెలకనూ, అంటే ఎర్రనేల మెట్ట చేనును, రెండుగా పంచాడు. పై సగం బిడ్డకు, కింది సగం కొడుకుకు. బోరు పై సగంలో పడింది కాబట్టి నీళ్ళు మాత్రం ఇద్దరివి. తమ్ముడు ఆమె కంటే చాలా చిన్నవాడు. తల్లి తొందరగా పోవడంతో ఆమే చంకనేసుకొని పెంచింది. ఆమె పెళ్ళయినాక కూడా వాడు అన్నం తినేది అక్క ఇంట్లోనే, పడుకునేది నాయిన దగ్గర. వాడికి పెళ్ళయి పిల్లలు పుట్టినా పొద్దున చేనుకు పోతూ మా అన్న ఇంటి ముందు సైకిల్ మోటార్ ఆపి, "తిన్నవా అక్కా" అని ఒక కేక వేయందే ముందుకు కదిలేవాడు కాదు. ఆ కేక మా ఇంట్లో గడియారం లాంటిది. అది వినబడితే మా అన్న లేచి పళ్ళు తోముకునేవాడు.

రాష్ట్రం వచ్చిన కొత్తలో తమ్ముడికి టమాట మీద మనసు పడింది. పట్నం మార్కెట్‌కు ట్రాలీలు మా రోడ్డు మీదుగానే పోతుండేవి. అక్కనూ ఒప్పించి, ఒకే నర్సరీ నుంచి నారు తెచ్చి, ఇద్దరి చెలకల్లోనూ పెట్టారు. పూత మీద ఉండగా పై చెలకలో చెట్లు వాడడం మొదలైంది. కింద కూడా అక్కడక్కడ పోయాయి గానీ అది ఎవరూ పట్టించుకోలేదు. టమాట మనకు అచ్చిరాలేదనుకొని వానలు పోయినాక యాసంగికి మళ్ళీ పల్లి వేశారు. పల్లి మా దిక్కు మనుషులకు కొత్త కాదు, దాని జబ్బులూ కొత్త కాదు. ఆకుమచ్చ వస్తుంది, వేరు కుళ్ళుతుంది, అడవిపందులు తవ్వుతాయి. కానీ ఆ ఏడు వచ్చింది వేరే. పొద్దున నిటారుగా ఉన్న చెట్టు మధ్యాహ్నానికి తల వాల్చేది. సాయంత్రం లేచేది. ఇంకో రెండు పొద్దులకు ఇక లేచేది కాదు. చచ్చిన చెట్టుకు కూడా ఆకులు పచ్చగానే ఉండేవి. మా అన్న మెత్తని మనిషి, ఎవరేం చెప్పినా నమ్ముతాడు. మందుల దుకాణంవాడు చెప్పింది పోశాడు. పొరుగూరి వాళ్ళు చెప్పింది పోశాడు. ఎవరో పుల్లటి మజ్జిగ అంటే అదీ పోశాడు. చెలకంతా చల్లకుండ వాసన వేసింది తప్ప వాడే చెట్టు వాడుతూనే ఉంది.

వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి శాస్త్రవేత్త మేడం వచ్చిన రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను. ముప్పై దాటని పిల్ల, తలకు తువ్వాలు చుట్టుకొని, మాటకు ముందొక 'అండీ', వెనకొక 'అండీ' పెట్టి మాట్లాడింది. కృష్ణా నది అవతలి పిల్లని మాటలోనే తెలిసింది. అప్పటి రోజులు కదా, మా అన్న నా చెవి దగ్గర ఏదో గొణిగాడు. నేను విననట్టు నటించాను. ఆమె వాడిన చెట్టు ఒకటి కోసి, గ్లాసులో నీళ్ళు అడిగి, ఇందాక నేను చేసినట్టే కొన ముంచి పట్టుకుంది. తెల్లదారం దిగింది. అందరం మెడలు చాచి చూశాం. చెట్టు లోపల నీళ్ళు పారే నరాల్లో సూక్ష్మజీవులు నిండి అడ్డం పడ్డాయనీ, ఎన్ని నీళ్ళు పోసినా పైకి ఎక్కవనీ, అందుకే పచ్చగా ఉంటూనే వాడిపోతున్నాయనీ ఆమె చెప్పింది. ఇది ఈ దిక్కున టమాటలో, వంకాయలో కనిపించేదే గానీ పల్లిలో ఇంతగా రావడం తాను చూడలేదట. మట్టిలో చేరింది కాబట్టి ఇప్పట్లో పోదట. మందు ఏదని మా అన్న అడిగాడు. మందు లేదంది. నాకు ఆ పిల్ల మీద గౌరవం కలిగింది ఆ మాటతోనే. మా ఉద్యోగంలో కూడా ఆ మాట చెప్పడానికి చాలామందికి నోరు రాదు.

అప్పుడే ఆమె అసలు సంగతి అడిగింది. దీనికి మందు లేదు గానీ తట్టుకునే పల్లి జాతులు ఎక్కడెక్కడో ఉన్నాయి. వాటిని మన రైతులు వేసే జాతులతో సంకరం చేసి, పుట్టిన వాటిని రోగమున్న నేలలో వేసి, ఏది నిలబడుతుందో ఏళ్ళ తరబడి చూడాలి. అట్లా చూడాలంటే రోగం దండిగా, అన్నివైపులా సమంగా ఉన్న నేల ఒకటి కావాలి. "అమ్మా, ఈ పొలాన్ని కొన్నేళ్ళు ఇలాగే, రోగంతోనే ఉంచగలరా?" అని వదినను అడిగింది. మా అన్న నా ముఖం చూశాడు. జీవితమంతా రోగం రాకుండా టీకాలు వేసినదాన్ని. రోగాన్ని పోషించమని అడిగే మనిషిని నేనూ అదే మొదటిసారి చూడడం.

తమ్ముడు గట్టు మీద నిలబడి అంతా విన్నాడు. "అక్కా, నీళ్ళు నీ దిక్కు నుంచే నా దిక్కు వస్తయి. జర ఆలోచన చేసి ఒప్పుకో" అన్నాడు. అందులో కోపం లేదు, భయముంది. వదిన చాలాసేపు వంగి వాడిన చెట్లను పీకుతూ ఉండిపోయింది. తర్వాత నడుం మీద చెయ్యేసుకొని లేచి, "నా చెలక ఎట్లాగూ చెడ్డది. గీ రోగం రేపు వేరేటోళ్ళ చేన్లల్ల రాదని ఎవలు చెప్పిండ్రు? చెడ్డదాంతోనే ఒక పని అయితదంటె కానియ్యుండ్రి" అంది. తమ్ముడి భయం తీరడానికి షరతులు కూడా ఆమే పెట్టింది. బోరు నీళ్ళు వాడికి విడిగా పైపులో పోవాలి. రెండు చెలకల నడుమ గట్టు ఎత్తు చేయాలి. రోగం చెలకలో వాడిన పార బయటికి రాకూడదు. లోపలికి పోయినవాళ్ళు బ్లీచింగ్ పౌడర్ కలిపిన తొట్లో కాళ్ళు కడుక్కోకుండా గట్టు దాటకూడదు. ఈ చివరిదానికి నన్ను పెద్దమనిషిని చేశారు. ఊరికి పోయిన ప్రతిసారీ తొట్టి తనిఖీ నాదే. మా అన్న ఆ నీళ్ళ ఘాటు పడక, కాళ్ళు కడుక్కునే కష్టం తప్పించుకోవడానికి, కొన్నాళ్ళకు చెలకలోకి పోవడమే మానేశాడు. పందులు రాకుండా చుట్టూ పాత చీరలు కట్టారు. ఆ వరుసలో నేను వదినకు ఇష్టపడి పెట్టిన నేత చీర, ఒక్కసారి కూడా కట్టిన గుర్తు లేనిది, గాలికి రెపరెపలాడుతూ కనిపించింది. అదేమని అడిగితే, పందులకు కూడా మంచి చీరంటే మర్యాద ఉంటుందంది వదిన.

ఆ ఏళ్ళలో నేను చూసిన వ్యవసాయం అంతకు ముందు చూడలేదు. మేడం కవర్లలో రకరకాల గింజలు తెచ్చేది. ఒక్కో రకానికి ఒక సాలు, పక్కనే మా దిక్కున అందరూ వేసే పాత రకం ఒక సాలు. పాతది రోగానికి తట్టుకోదని తెలిసే వేసేవాళ్ళు. అది చస్తేనే రోగం గట్టిగా ఉందని రుజువు. పక్క సాలు నిలబడితేనే దాని బలం రుజువు. వదినకు గింజను కళ్ళకద్దుకొని విత్తే అలవాటు. ఆ పాత రకం సాలు వచ్చేసరికి మాత్రం అద్దుకోకుండా, ముఖం పక్కకు తిప్పుకొని వేసేది. "చస్తదని ఎర్కుండి గింజ ఏసుడు నా వల్ల అయితలేదు నర్సమ్మా" అని ఒక్కసారి అంది. మళ్ళీ అనలేదు, వేయడం మానలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు బతుకమ్మ ఆడేచోట ఆమె చెలక మీద పరాచికాలాడేవాళ్ళు. ఆమె కూడా కలిసి నవ్వేది. ఒకసారి మేడం ఆమెను పరిశోధన కేంద్రానికి తీసుకుపోయి సంకరం చేసే పని చూపించింది. తిరిగొచ్చి మాకు వారం రోజులు అదే కథ. పల్లిపువ్వు విచ్చుకోకముందే లోపల్లోపలే పెళ్ళైపోయే రకమట. ఆ పెళ్ళి ఆపడానికి సాయంత్రం మొగ్గలోంచి మగభాగాలన్నీ సూదిమొనతో తీసేస్తారట. మర్నాడు పొద్దున్నే వేరే చెట్టు పుప్పొడి తెచ్చి అంటిస్తారట. "గింత పువ్వుకు గంత కట్టుదిట్టం. మన ఇండ్లల్ల పిల్లలకు కూడ అంత చేయరు" అని ఆశ్చర్యపోయింది.

మొదట్లో అన్నీ చచ్చేవి. తర్వాత తర్వాత కొన్ని సాళ్ళు నిలబడ్డాయి. నిలబడినవాటికి కాయలు సన్నం, కొన్నింటికి లోపల ఒకే గింజ, పెంకు మందం. మేడం వాటినే మళ్ళీ మన రకంతో కలిపి మళ్ళీ తెచ్చేది. గింజ లావైతే బలం పోయేది, బలం నిలిస్తే గింజ చిన్నబోయేది. మేడం ముఖం కూడా ఆ గింజలతో పాటే విచ్చుకుంటూ ముడుచుకుంటూ ఉండేది. వదిన మాత్రం మొదటి మంచి గింజ చేతికొస్తే తమ్ముడికే అని అనుకుంటూ, వాడితో అంటూ ఉండేది.

గట్టు తెగింది ఒక వానాకాలం చివర. మధ్యాహ్నం మొదలైన వాన ఊరి మీద కూర్చున్నట్టు కురిసింది. తెరిపి ఇచ్చినాక వదిన పోయి చూసేసరికి ఎత్తు చేసిన గట్టు బారెడు మేర కొట్టుకుపోయి, పై చెలక ఎర్రటి నీళ్ళు తమ్ముడి చెలక మీదుగా పారుతున్నాయి. ఆమె, మా అన్న, తమ్ముడు ముగ్గురూ చీకటి పడేదాకా మట్టి పోశారు. ఆ యాసంగిలో తమ్ముడి పల్లి వాడింది. ఎక్కడో ఒక చెట్టు కాదు, గట్టు కింద నుంచి మొదలుపెట్టి, నీళ్ళు పారిన దారెంట.

మేడం వచ్చి చూసింది. ఇది గట్టు తెగడం వల్లే వచ్చిందని గానీ, కాదని గానీ తాను చెప్పలేనంది. అతనూ అదే నారు పెట్టాడు, అప్పట్లోనే కొన్ని చెట్లు పోయాయి, కాబట్టి ముందునుంచే మట్టిలో ఉండి ఉండొచ్చు. పందుల కాళ్ళతో కూడా రావచ్చు. ఆమె చెప్పింది నిజమే, కానీ ఆ నిజం ఎవరికీ పనికిరాలేదు. తమ్ముడు మా అన్న వాకిట్లోకి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, "ఆ దినం గట్టు మీదనే జర ఆలోచన చెయ్యమని చెప్పిన. నా మాట కంటే ఆమె మాట నీకు ఎక్కువైంది అక్కా" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండునని నాకనిపించింది. మా అన్న తొందరపడి, మేడం చెప్పిన టమాట నారు సంగతి ఎత్తబోయాడు. వదిన చేత్తోనే ఆపింది. తమ్ముడు వెళ్ళిపోయినాక నాతో, "నాదే పారిందో, ముందుగాల్నే ఉండెనో, నాకు ఎర్కలేదు. గాని పైన ఉన్నది నేను. వాడు కిందున్నడు" అంది.

మర్నాటి నుంచి ఆ కేక ఆగిపోయింది. సైకిల్ మోటార్ మా అన్న ఇంటి ముందు నుంచే పోయేది, ఆగేది కాదు. ఆ ఏడు రాఖీ పున్నమకు వదిన రాఖీ పట్టుకొని ఆ రెండు గల్లీలు దాటింది. నేనూ వెంట ఉన్నాను. వాడు చెయ్యి చాచాడు, కట్టించుకున్నాడు, ఆమె పెట్టిన మిఠాయి నోట్లో పెట్టుకున్నాడు. అంతసేపూ గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తూనే ఉన్నాడు. తిరిగొస్తూ ఆమె ఎప్పటిలా వేగంగా నడవలేదు. నేను ఆమె పక్కన మామూలుగా నడవగలిగింది నా ఎరుకలో ఆ ఒక్క రోజే. కొన్నాళ్ళకు వాడు చెలకను బీడు పెట్టి, షాద్‌నగర్ దగ్గర ఒక కంపెనీలో పనికి కుదిరి, భార్యాపిల్లలతో పోయాడు.

ఊరంతా, మా అన్నతో సహా, ఇక ఆ ప్రయోగం ఆపేయమన్నారు. నేనూ అన్నాను. తమ్ముడే దూరమైనాక ఎవరి కోసమని అడిగాను. ఆమె మేడంకు ఫోన్ చేసి ఇంకా ఎన్నేండ్లు పడుతుందని అడిగింది. అవతల ఆ పిల్ల చెప్పలేనమ్మా అంది. కాదనుకుంటే ఆపేద్దామని కూడా అంది. వదిన ఫోన్ పెట్టేసి రెండు రోజులు చెలక వైపు పోలేదు. మూడో రోజు పోయింది. ఆపేస్తే తమ్ముడి నేల చెడిందీ ఉత్తగనే పోతుంది, తన నేల చెడిందీ ఉత్తగనే పోతుందనీ, అట్లా కానివ్వడం తనకు ఇష్టం లేదనీ చెప్పింది.

కరోనా ఏడు మేడం రాలేకపోయింది. కవర్లు ముందే ఇచ్చి ఉండడంతో వదిన ఒక్కతే విత్తి, ఒక్కతే చూసుకుంది. గట్టు మీది నుంచి ఫోటోలు తీసి మేడంకు పంపే పని మా అన్నది. ప్రతి ఫోటోలోనూ సగం పల్లి, సగం మా అన్న బొటనవేలు. ఊళ్ళో అందరూ చేతులు కడుక్కోవడం నేర్చుకుంటుంటే, తాను ఏండ్ల సంది కడుగుతూనే ఉన్నాననీ, ఊరికి ఇప్పుడు తెలివొచ్చిందనీ వదిన ఫోన్లో నాకు చెప్పింది. ఆ పంటలోనే ఒక సాలు నిలబడింది. పక్కనున్న పాత రకం మొత్తం పోయినా అది కాయ ముదిరేదాకా తల వాల్చలేదు. ఒక చెట్టు పీకి చూస్తే గింజ చిన్నదే గానీ కాయకు రెండు గింజలున్నాయి, నమిలితే నూనె బాగా తెలిసింది. బస్సులు నడవడం మొదలుకాగానే మేడం వచ్చి, ఆ సాలు మధ్యలో కూర్చొని ఒక్కో చెట్టూ తడిమి చూసింది. వదిన ముఖంలో చాలా రోజులకు వెలుగు చూశాను. కొంగు పట్టి, ఇందులో కొన్ని కాయలు తన తమ్ముడికి ఇవ్వొచ్చా అని అడిగింది.

మేడం ఒక పచ్చటి చెట్టును కోసి గ్లాసులో పట్టుకుంది. మేమందరం ఏమీ ఉండదనే అనుకున్నాం. చాలాసేపటికి, సన్నగా, కనీకనబడకుండా, తెల్లదారం దిగింది. వదిన ముఖం వాడిపోయింది. "గట్లయితే ఇది బాగైనట్టా, కానట్టా మేడం?" అని అడిగింది. "బాగైనట్టు కాదమ్మా. తట్టుకున్నట్టు" అంది ఆ పిల్ల. సూక్ష్మజీవి లోపల ఉంటుంది, కానీ చెట్టు దాన్ని పెరగనివ్వకుండా అదుపులో పెట్టుకొని కాయ కాస్తుంది. నేలలో రోగం మాత్రం పోదు. అందుకని ఈ గింజను రోగం లేని చేన్లకు ఇవ్వకూడదు. ఇప్పటికే రోగమున్న నేలలో వేసుకుంటే పంట దక్కుతుంది, అంతే. వదిన ఆ మాటలన్నీ విని, నెమ్మదిగా ఆ గ్లాసు నీళ్ళు తీసుకుపోయి బ్లీచింగ్ తొట్టిలో కలిపి వచ్చింది.

కేంద్రంలో రోగం లేని మట్టిలో పెంచిన గింజతో ఆ రకం బయటి పరీక్షలకు పోయింది. రోగం లేని చోట్ల మిగతా రకాలతో పోలిస్తే దాని కాపు తక్కువ. పేరు పెట్టుకొని రైతుల్లోకి వచ్చే అదృష్టం దానికి లేకపోయింది. కొత్త రకాలు పుట్టించడానికి తల్లిగా పనికొస్తుందని కేంద్రంలో దాచుకున్నారు. ఈ కబురు చెప్పడానికి మేడం వచ్చినప్పటికే ఆమెకు దూరం బదిలీ అయింది. ఇన్నేళ్ళకు ఇది కూడా మిగలలేదని అంటూ గట్టు మీద కూర్చొని ఏడ్చింది. వదిన ఓదార్చలేదు. అన్నం కలిపి తెచ్చి పక్కన పెట్టి, తినేదాకా లేవనివ్వలేదు. పోయేముందు మేడం, ఆ గింజ ఈ చెలక వరకు వేసుకోవడానికి పైవాళ్ళు ఒప్పుకున్నారని చెప్పి కొంత ఇచ్చింది. కింది చెలకకు కూడా అడిగి, అక్కడా రోగముంది కాబట్టి సరేననిపించుకుందట.

ఇక తమ్ముడిని అడిగే పని నా మీద పడింది. నేను అప్పటికే షాద్‌నగర్‌లో స్థిరపడ్డాను. పంపేముందు వదిన నాకు పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది: గింజ చిన్నదని చెప్పు, రోగం పోదని చెప్పు, తెల్లదారం సంగతి కూడా చెప్పు, ఏదీ దాచకు. తమ్ముడు బస్టాండులో, డ్యూటీ దిగి వస్తూ, నీలిరంగు కంపెనీ చొక్కాలో కనబడ్డాడు. జుట్టు నెరిసింది. ఛాయ్ తాగుతూ చెప్పిందంతా విన్నాడు. అక్క ఆ దారం సంగతి చెప్పమన్నదా అని మళ్ళీ అడిగాడు. అవునన్నాను. ఖాళీ గ్లాసును చాలాసేపు చేతుల్లో తిప్పాడు. "బీడే ఉన్నది కద వదినె. ఏసుకుంటె ఏసుకొమ్మను. నన్నైతే రమ్మనకుండ్రి" అన్నాడు.

అట్లా రెండు చెలకల్లోనూ ఆ చిన్నగింజ పల్లి పడింది. నిలబడింది. కాపు మరీ గొప్పగా లేదు గానీ దక్కింది. కింది చెలక పంటను వదిన విడిగా తవ్వించి, విడిగా ఎండబెట్టి, నూనె పట్టించి, తమ్ముడి వంతుగా షాద్‌నగర్‌కు పంపింది. వాడి భార్య వచ్చి మా ఇంట్లోంచి డబ్బాలు తీసుకుపోయేది. నూనె బాగుందని ఆమె చెప్పేది. అతను ఏమన్నాడో ఆమె చెప్పేది కాదు, నేను అడిగేదాన్ని కాదు. ఏటా రాఖీ పున్నమకు వదిన బస్సెక్కి వచ్చేది, వాడు చెయ్యి చాచేవాడు, పని ఉందని లేచిపోయేవాడు.

కిందటి ఏడు కూడా వచ్చింది. వాళ్ళు కిరాయికి ఉండేది మూడో అంతస్తులో. వదినకు మోకాళ్ళు అరిగాయి. అంతస్తుకొకసారి ఆగి, రెయిలింగ్ పట్టుకొని ఎక్కాం. రాఖీ కట్టింది. వాడు లేవబోయి, ఆమె నుదుటి మీద చెమట చూసి ఆగిపోయి, ఫ్యాను వేగం పెంచి, కాసేపు అక్కడే నిలబడి, "తిన్నవా అక్కా" అన్నాడు. మెల్లగా, ఆమెకొక్కతికే వినబడేట్టు. వదిన పొద్దున మా ఇంట్లో ఇడ్లీలు తినే వచ్చింది. అయినా తినలేదంది. వాడి భార్య పెట్టిన అన్నం ఇద్దరూ ఎదురెదురుగా కూర్చొని తిన్నారు. మధ్యలో వాడు, కింది చెలకకు ఎవరో కొనేవాళ్ళు తిరుగుతున్నారనీ, ఇచ్చేద్దామనుకుంటున్నాననీ అన్నాడు. వదిన చెయ్యి కంచంలోనే ఆగింది. కొనేటోళ్ళకు నేల సంగతి చెప్పు అని మాత్రం అంది. వాడు కంచంలో అన్నం మళ్ళీ కలపసాగాడు. దిగేటప్పుడు వాకిలిదాకా వచ్చి, కిందిదాకా రాకుండా, మేము మలుపు తిరిగేదాకా పైనుంచి చూస్తూ నిలబడ్డాడు.

ఆ చెలక ఇంకా అమ్మలేదు, ఉంచుకుంటానని కూడా చెప్పలేదు. వదిన ఈ యాసంగికీ గింజ వలిచి సిద్ధం చేసుకుంటోంది. పల్లి నాలుగు నెలల పంట, విత్తిన రోజే తవ్వే రోజు ఏ కార్తెలో పడుతుందో చెప్పొచ్చు. మనుషుల నడుమ ఆగిపోయిన మాట ఎన్ని కార్తెలకు మళ్ళీ చేతికొస్తుందో లెక్క చెప్పేవాళ్ళు నాకు ఇంతవరకు కనబడలేదు. మేము ఇంకా ఆ మధ్యకాలంలోనే ఉన్నాం.